కారు లెక్కల యాప్‌కి మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని?

ప్రశ్న: విజయవాడలో సొంతంగా ఇంటీరియర్ డిజైన్ పనులు చేసుకుంటున్నాను. గుంటూరు, తెనాలి, ఏలూరు సైట్లకి నా కారులోనే తిరుగుతాను. కారు ఖర్చు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో చూపించాలంటే ట్రిప్పుల లెక్క కావాలన్నారు ఆడిటర్ గారు. తిరిగిన కిలోమీటర్లు దానంతటదే లెక్కపెట్టే మైలేజ్ యాప్ వేసుకుంటే సగం ట్రిప్పులు ఎక్కడం లేదు. పైగా ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతోంది. మంచి యాప్ చెప్పండి.

జవాబు: రిటర్న్‌ల సీజన్ వస్తే చాలు, ఇదే ప్రశ్న. ముందు ఆడిటర్ గారిని ఒక మాట అడగండి, మీ రిటర్న్ ప్రిజంప్టివ్ పద్ధతిలో వేస్తున్నారా అని. ఏడాది వసూళ్లు 50 లక్షల లోపుంటే (నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా) మీ వృత్తికి ఆ వీలుంది. అందులో వసూళ్లలో కనీసం సగం ఆదాయంగా చూపిస్తారు, ఖర్చులన్నీ మిగతా సగంలోనే కలిసిపోతాయి. కారు ఖర్చు విడిగా చూపించడం కుదరదు. అలాంటప్పుడు పన్ను కోసమైతే ఈ యాప్ అవసరమే లేదు.

అసలు ఖర్చులే చూపిస్తున్నారనుకుందాం. ఈ యాప్‌లలో చాలావరకు అమెరికా, బ్రిటన్ పద్ధతికి తయారైనవి. అక్కడ మైలుకింత అని ప్రభుత్వం ప్రకటించిన రేటుంటుంది. మన దగ్గర స్వయం ఉపాధి వాళ్లకి అలా కిలోమీటరు రేటు లేదు. పెట్రోలు, రిపేర్లు, బీమా, 15 శాతం తరుగుదల (ఏటా తగ్గే కారు విలువ) అన్నీ కలిపి, అందులో పని కోసం తిరిగిన వాటా మాత్రమే తీసుకోవాలి. కారు 15,000 కిలోమీటర్లు తిరిగి, అందులో 9,000 సైట్లకైతే 60 శాతం. కిలోమీటర్లను రేటుతో గుణించి యాప్ చూపించే రూపాయలు మీ రిటర్న్‌కి పనికిరావు.

ట్రిప్పులు ఎందుకు ఎక్కడం లేదంటే, మీ ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని వెనకాల ఆపేస్తూ ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి మినహాయింపు ఇస్తే సరిపోతుంది. కానీ అప్‌డేట్ వచ్చాక కొన్ని ఫోన్లలో ఆ సెట్టింగ్ మళ్లీ మొదటికొస్తుంది, వాడే మనిషికి ఒక్క ముక్క కూడా చెప్పరు. ఏడాది లెక్కలో మూడు నెలలు ఖాళీ అని మార్చిలో తెలిస్తే ఆ మనిషి ఏం చేయాలి? ఇంత నిర్లక్ష్యంగా ఫోన్ తయారుచేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం.

అంతకంటే నాకు భయం వేసేది అనుమతుల విషయం. పెట్రోలు ఖర్చు దానంతటదే నమోదవుతుందని చెప్పి ఎస్ఎంఎస్ అనుమతి తీసుకుంటారు. బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ ఇన్‌బాక్స్‌కే. లొకేషన్‌కి 'ఎప్పుడూ అనుమతించు' నొక్కారంటే మీ ఇల్లెక్కడ, ఏ రోజు ఏ వేళ ఇంట్లో ఉండరు, ఏ క్లయింట్ ఇల్లు సగం కట్టి ఖాళీగా ఉంది, అన్నీ ఎవరిదో సర్వర్‌లో చేరిపోవచ్చు. క్లయింట్లు మీకు తాళాలు ఇచ్చింది నమ్మకంతో. ఆ అడ్రసులు ఇలా బయటికి పోకూడదు. యాప్ తీసేసినంత మాత్రాన సర్వర్‌లో ఉన్నది పోదు. ముందు యాప్‌లోనే అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వాట్సాప్‌లో 'చలాన్' పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్‌ని ఎక్కించేవి) కూడా ఇలాగే ఎస్ఎంఎస్‌ల కోసమే వస్తాయి, వాటిని ఎవరు పంపినా తెరవొద్దు.

కాబట్టి యాప్ పేరు చెప్పను. ఏప్రిల్ 1న ఒకసారి, మార్చి 31న ఒకసారి ఓడోమీటర్ ఫోటో తీయండి. ఫోన్‌లోనే ఒక షీట్ పెట్టుకుని తేదీ, ఎక్కడికి, ఏ పని మీద, బయల్దేరినప్పటి రీడింగ్, తిరిగొచ్చాక రీడింగ్ రాయండి. ఏ రోజుది ఆ రోజే రాయాలి, రిటర్న్ ముందు కూర్చుని ఊహించి నింపితే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌తో పొంతన కుదరదు. బంకు రసీదు మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, తీసుకున్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి. వర్క్‌షాప్ బిల్లు 10,000 దాటితే నగదు ఇవ్వకండి, ఒకే రోజు ఒకరికి అంతకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు. యూపీఐ చేయండి. షీట్‌ని నెలకోసారి ఆడిటర్ గారికి మెయిల్ చేయండి, ఫోన్ పోయినా లెక్క ఉంటుంది.