కీమో మధ్యలో జ్వరమా? పొద్దుటి దాకా ఆగొద్దు

ప్రశ్న: మా అమ్మకి 56 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కీమో నడుస్తోంది. రెండో సైకిల్ అయిన పదో రోజు జ్వరం వచ్చింది. కాలనీలో క్లినిక్‌కి వెళ్తే వైరల్ అని మాత్రలిచ్చారు. తగ్గినట్టే తగ్గి, మర్నాడు చలితో వణికిపోయింది. కీమో ఇచ్చే ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తంలో తెల్లకణాల కౌంట్ పడిపోయిందని అడ్మిట్ చేసుకున్నారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, కానీ మూడో కీమో వారం వాయిదా వేశారు. ఈలోగా జబ్బు పెరుగుతుందేమోనని టెన్షన్. అమ్మేమో ఇక కీమో వద్దంటోంది. బోనాలకి చుట్టాలు కూడా వస్తామంటున్నారు.
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వాయిదా గురించి భయపడకండమ్మా. కౌంట్ కోలుకోవడానికి వారం ఆగడం కీమోలో తరచూ జరిగేదే, దాంతో చికిత్స పాడైపోదు. కౌంట్ లేకుండా మందు ఎక్కిస్తేనే ప్రమాదం.

అసలు గట్టిగా పట్టుకోవాల్సింది జ్వరం సంగతి. కీమో ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి, వాటిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ 500 కన్నా కిందికి పడితే మామూలు సూక్ష్మజీవి కూడా గంటల్లో రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. చీము, వాపు లాంటి గుర్తులేవీ కనపడకపోవచ్చు, జ్వరం ఒక్కటే కనిపిస్తుంది. అందుకే థర్మామీటర్‌లో 100.4 చూపించినా, జ్వరం లేకుండా చలి, వణుకు వచ్చినా అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. డాక్టర్‌ని అడక్కుండా పారాసిటమాల్ వేయొద్దు, అది జ్వరాన్ని కప్పేస్తుంది గానీ ఇన్ఫెక్షన్‌ని ఆపదు. వెళ్లగానే "కీమో నడుస్తోంది, ఫలానా తేదీన ఎక్కించారు" అని మొదటి మాటగా చెప్పండి, ఫైల్ చూపించండి. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. సాయంత్రం ట్రాఫిక్‌లో కూకట్‌పల్లి నుంచి మీ ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు కదా, కాబట్టి దగ్గర్లో 24 గంటలూ ఎమర్జెన్సీ ఉన్న చోటు ఏదో మీ క్యాన్సర్ డాక్టర్‌ని అడిగి ఇప్పుడే తేల్చుకోండి. వానాకాలం కాబట్టి డెంగీ అయినా కావొచ్చు, ఆ పరీక్షా చేయిస్తారు, కానీ ఆ రిపోర్ట్ కోసం యాంటీబయాటిక్ ఆపకూడదు. బొప్పాయి ఆకు రసం లాంటివి సొంతంగా పట్టించొద్దు.

చుట్టాలకి మొహమాటం లేకుండా చెప్పేయండి: దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవాళ్లు, దద్దుర్లున్న పిల్లలు రావొద్దని. మిగతావాళ్లు చేతులు కడుక్కుని కాసేపు కూర్చుని వెళ్తే ఆవిడకీ బావుంటుంది, అందర్నీ ఆపేసి గదిలో బంధించక్కర్లేదు. తిండి విషయంలోనూ అంతే. పప్పు, బాగా ఉడికిన గుడ్డు, ఇంట్లో వేడిగా వండినవన్నీ పెట్టండి, కడిగి తొక్క తీసిన పండ్లు తినొచ్చు. బయట కోసిపెట్టిన పండ్లు, పానీపూరీ, బండి మీద చట్నీ మాత్రం వద్దు. నోరు పూస్తే మెత్తటి బ్రష్ వాడి, ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించమనండి.

ఇక అమ్మ వద్దనడం. ఆవిడ మొండిగా ఏమీ అనట్లేదు, అంత జ్వరం, ఆసుపత్రి మంచం చూశాక ఎవరైనా అదే అంటారు. "నువ్వు ధైర్యంగా ఉండాలి" అని పదే పదే చెప్పకండి, ఏది భరించలేకపోతోందో అడగండి. ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు ఆ మాట డాక్టర్‌తో ఆవిడే చెప్పుకోనివ్వండి, మధ్యలో మీరు అందుకోవద్దు. కీమో అయిన మర్నాడో ఆ తర్వాతో చర్మం కింద ఇచ్చే కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఉంటుంది, ఒకసారి ఇలా అయినవాళ్లకి సాధారణంగా అది ఇస్తారు, మళ్లీ ఇలా పడిపోయే అవకాశం తగ్గుతుంది. దాంతో రెండు మూడు రోజులు ఎముకల నొప్పులు రావొచ్చని అమ్మకి ముందే చెప్పండి, లేకపోతే ఇదింకో జబ్బేమోనని బెంగ పెట్టుకుంటుంది.