చలి కాదు, పాదులో నీళ్లు!

ప్రశ్న: కార్తీకమాసంలో కడియం నర్సరీ నుంచి తెచ్చిన మల్లె, ముద్దమందారం, నూరువరహాల మొక్కలను పెరట్లో నాటాను. మాది నల్లరేగడి. ధనుర్మాసపు మంచు మొదలయ్యాక ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. రాత్రిళ్లు ప్లాస్టిక్ కవరు కప్పుతున్నాను, రోజూ సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. యూరియా వేయమని పక్కింటివారు అంటున్నారు. మొక్కలు దక్కుతాయా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దక్కుతాయమ్మా. ముందు ఆ కవరు తీసేయండి. యూరియా జోలికి వెళ్లకండి.

గుంటూరు చలి ఈ మొక్కలను చంపేంతటిది కాదు. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే కిందికి దిగడమే ఇక్కడ అరుదు. మీ ఉత్తరం చదవగానే నాకు వేళ్ల మీద అనుమానం వచ్చింది. చలికాలంలో వేరు నీళ్లు తక్కువ తాగుతుంది. నల్లరేగడేమో ఒకసారి తాగిన నీటిని అంత తొందరగా వదలదు. మీరు తవ్విన గుంత గిన్నెలా మారి, రోజూ పోసే నీరు అందులోనే నిలబడి ఉంటుంది. వేళ్లకు ఊపిరి ఆడదు. ఆకు పసుపుబారడం అక్కడ మొదలవుతుంది. పైగా కవరు లోపలి చెమ్మ తెల్లవారేసరికి ఆకుల మీద బొట్లుగా కారుతుంది. తెగుళ్లకు అంతకన్నా ఏం కావాలి?

చూపుడువేలు రెండు కణుపుల లోతున మట్టిలోకి దించండి. మట్టి వేలికి జిగటగా అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా రాలితేనే పోయండి, అదీ ఉదయం ఎండ పడ్డాక. పాదుకు ఒక పక్క గండి కొట్టి నీరు పోయే దారి చేయండి. పీకి మళ్లీ నాటే పని మాత్రం పెట్టుకోకండి, ఇప్పుడిప్పుడే వేస్తున్న సన్నని వేళ్లు తెగిపోతాయి. మట్టి కాస్త ఆరాక పైన ఎండు వరిగడ్డి పరచండి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలి. మంచు మరీ ఎక్కువనిపిస్తే నాలుగు కర్రలు పాతి పాత పంచె కప్పి, పొద్దున్నే తీసేయండి.

మల్లె ఈ నెలల్లో చిగురు వేయకపోతే కంగారు పడకండి, అది దానికి విశ్రాంతి కాలం. ముదురు మల్లెలకు ఇప్పుడే కొమ్మలు కత్తిరిస్తారు కానీ మీ పసిమొక్కకు ఈ ఏడు కత్తెర వద్దు. ఇక యూరియా సంగతి. వేరు దెబ్బతిన్న మొక్కకు యూరియా వేయడం అజీర్తి చేసిన బిడ్డకు పిండివంటలు పెట్టడమే. రథసప్తమి దాటి కొత్త చిగుళ్లు కనిపించాక గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి, చాలు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో ఏడాది నిండని మందారం ఉండేది. ఒక్క కొమ్మ విరగలేదు. అయితే గాలికి ఊగి ఊగి మొదలు చుట్టూ వేలు పట్టేంత సందు పడింది. ఆ సందులో వాననీరు నిలిచి, కొద్ది రోజుల్లోనే వేరు కుళ్లిపోయింది. ఊతకర్ర కట్టి ఉంటే బతికేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీరు ఇవాళే కట్టండి. మొక్కకు అటూ ఇటూ రెండు కర్రలు పాతి, పాత నూలుచీర పేలికతో ఎనిమిది అంకెలా వదులుగా ముడివేయండి. తాడు, తీగ వద్దు, లేత బెరడు కోసుకుపోతుంది.

ప్రశ్న: మేడ మీద కొత్తగా పెట్టిన గులాబీల లేత ఆకులపై తెల్లని పొడి పడుతోంది. చలికి లోపలికి మార్చాలా?
– పటమట, విజయవాడ

జవాబు: మార్చకండి. గులాబీకి ఇదే మంచి కాలం, దానికి ఎండా గాలీ కావాలి. అది బూడిద తెగులు. పట్టిన ఆకులు తుంచి పారేసి, కుండీలను ఒకదానికొకటి తగలకుండా జరపండి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఉదయంపూట ఆకుల అడుగుభాగం కూడా తడిసేలా చల్లండి. ఎండలు ముదిరాక మాత్రం గంధకం వాడకండి, ఆకులు మాడతాయి.