ముద్ద నోట్లో పెట్టకముందే తీర్పు

ప్రశ్న: నా వయసు 36. అక్కాబావల దగ్గర ఆరేళ్లు ఉండి, ఏడాది కిందట విడిగా ఇల్లు తీసుకున్నాను. మొన్న సెలవు రోజున నా ఒక్కదాని కోసం శ్రద్ధగా కూర చేసుకున్నాను. అక్క చెప్పిన నలుగురి కొలతలో నాలుగో వంతు వేశాను. గంటన్నర పట్టింది. ఫోటో తీసి అక్కకి పంపితే ‘రంగు చూస్తేనే తెలుస్తోందిలే’ అంది. తిన్నాను. అడుగంటింది, రుచీ లేదు. సగం పారేసి ఏడ్చాను. ఒక్క మనిషికి వంట దండగేనా? బయట నుంచి తెప్పించుకోవడమే నయమా?

జవాబు: తెప్పించుకోవాలనిపిస్తే తెప్పించుకోండి, వండుకోవాలనిపిస్తే వండుకోండి. దానికి నన్ను అడగాల్సిన పని లేదు.

ముందు వంట సంగతి తేల్చేస్తాను. గిన్నెలో నీళ్లు ఎంత ఇగురుతాయన్నది గిన్నె వెడల్పు, మంట, పొయ్యి మీద ఉంచిన సేపుని బట్టి ఉంటుంది. కూర తగ్గింది కదా అని నీళ్లు కూడా నాలుగో వంతే పోస్తే అడుగంటక ఏమవుతుంది? పైగా గంటన్నర పొయ్యి దగ్గర నిలబడితే ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. రుచిలో చాలా భాగం వాసనే కాబట్టి, వండిన మనిషికి తన వంటే చప్పగా అనిపిస్తుంది. చిన్న గిన్నె వాడండి, ఉప్పు కొద్దికొద్దిగా వేసి చూసుకోండి, దించాక ఓ పది నిమిషాలు అవతలికి వెళ్లి రండి. అంతే.

ఇప్పుడు మీ ఉత్తరంలో వరస చూడండి. వండారు, ఫోటో పంపారు, అక్క మాట వచ్చింది, ఆ తర్వాత తిన్నారు. అడుగంటిన కూరకి ఎవరైనా విసుక్కుంటారు గానీ ఏడవరు. మీరు ఏడ్చింది కూర గురించి కాదు.

మీ అక్క చెడ్డదని నేను అనను. ఆరేళ్లు కంచంలో అన్నం పెట్టిన మనిషి. ఆ రుణాన్ని తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను. రేపు ఆవిడకి ఒంట్లో బాగాలేకపోతే అందరికంటే ముందు మీరే వెళ్లాలి. అంతమాత్రాన రోజూ మీ కంచంలో ఏముందో లెక్క అప్పజెప్పక్కర్లేదు.

ఒక్కటి అడుగుతాను. ఇల్లు మారేటప్పుడు ఎందుకు వెళ్తున్నారో ఆవిడకి చెప్పారా? ఉత్తరంలో ఆ ముక్క లేదు. ఆఫీసు దగ్గరనో, ఇల్లు ఇరుకవుతోందనో ఏదో సాకు చెప్పి ఉంటారని నా అనుమానం. చెల్లెలు ఎందుకు వెళ్లిపోయిందో తెలియని అక్క ఆ బాధని కూర రంగు మీద తీర్చుకుంటోంది. మీరేమో వచ్చేసి తప్పు చేయలేదని ఫోటోలతో రుజువు చేయబోతున్నారు. కూర బాగా కుదిరినా ఆవిడ ఇంకో వంక పెట్టేది, చూస్తుండండి.

ఫోటోలు మానేయండి. ఫోన్ మానేయమని అనడం లేదు. ఈ వారంలోనే వెళ్లి, ఎదురుగా కూర్చుని, ‘నాదంటూ ఒక ఇల్లు కావాలనిపించి వచ్చాను, నీ మీద కోపంతో కాదు’ అని చెప్పండి. మీ బావగారు ఇంట్లో లేని సమయం చూసుకోండి. ఆయన సర్దిచెప్పడం మొదలుపెడితే అసలు మాట పక్కకి పోతుంది. ఆవిడ ఏడవొచ్చు, నిష్ఠూరాలాడొచ్చు. మధ్యలో లేచి వచ్చేయకండి. ఆ పూట అక్కడే భోంచేసి రండి.