రాత్రి రెండింటికి జవాబిచ్చే మనుషులు

టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవక రోజూ బయటి నుంచి ఇవ్వాల్సిన జబ్బు) ఉన్న పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో వందల మంది ఉన్నా మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురైదుగురే, డాక్టర్లు కాని వాళ్ళ మాట ఎంతవరకు నమ్మొచ్చు, వాళ్ళకి అంత తీరిక ఎలా దొరుకుతుంది అని మీరు అడిగారు. ఐదేళ్ళుగా అలాంటి వాట్సాప్ గ్రూపులో ఉన్నాను కాబట్టి చూసింది చెబుతాను.

మా పాపకి ఏడో ఏట బయటపడింది. మొదటి రెండేళ్ళు నేను గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు, చదువుకునేదాన్ని అంతే. ఒక రాత్రి రెండు దాటాక పాప చేతికి అంటించిన, షుగర్ కొలిచే సెన్సర్ అలారం మోగింది. ఫోన్లో షుగర్ 54 చూపిస్తోంది, అంటే బాగా తక్కువ. చక్కెర నీళ్ళు కలిపి గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, చేతులు వణుకుతున్నాయి. పాపేమో చెమట కూడా పట్టకుండా హాయిగా నిద్రపోతోంది. ఏం తోచక గ్రూపులో రాశాను, అదే నా మొదటి మెసేజ్. నిమిషం కాలేదు, గుంటూరు నుంచి ఒక అక్క జవాబిచ్చింది: "వేలు గుచ్చి మీటర్‌తో చూశావా అమ్మా? ఏ వైపు పడుకుంది? సెన్సర్ ఉన్న చేతి మీదేనా?"

అవును, ఆ చేతి మీదే. మీటర్‌లో 112 వచ్చింది. సెన్సర్ ఉన్న చోట ఒత్తిడి పడితే చర్మం కింద ద్రవం సరిగ్గా ఆడక, లేని లో షుగర్ చూపిస్తుందట. పాపని ఇటు తిప్పి పడుకోబెడితే కాసేపటికి సెన్సర్ అంకె కూడా పైకొచ్చింది. మీటర్ అందుబాటులో లేకపోయినా, పిల్లకి చెమటలు, వణుకు ఉన్నా ముందు తీపి పట్టించాల్సిందేనని, నిజంగా 70 కంటే తగ్గితే పిల్ల బరువుని బట్టి 15 గ్రాముల దాకా గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలని ఆ తర్వాత ఓపిగ్గా రాసింది. ఆమె కొడుక్కి అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఇదే జబ్బు. ఆ తొమ్మిదేళ్ళ రాత్రుళ్ళే ఆమె చదువు.

నలుగురైదుగురే మాట్లాడటం మీ గ్రూపులోనే కాదు. 2014లో ట్రెవర్ వాన్ మీర్లో అనే పరిశోధకుడు తాగుడు, సిగరెట్ మానాలనుకునేవాళ్ళు, డిప్రెషన్, పానిక్ డిజార్డర్ ఉన్నవాళ్ళు చేరే నాలుగు ఆన్‌లైన్ వేదికల లెక్క తీశాడు. నూటికి ఒక్కరు రాసిందే మొత్తం రాతల్లో నాలుగింట మూడు వంతుల దాకా ఉంది.

ఇక నమ్మకం సంగతి. ఎక్కువ మాట్లాడేవాళ్ళంతా ఒకటి కాదు. మా గ్రూపులోనే ఒకాయన రోజూ పది మెసేజ్‌లు పెట్టేవారు. కషాయంతో మా బాబుకి ఇన్సులిన్ సగానికి తగ్గింది, త్వరలో మాన్పించేస్తాం అని రాశారు. కొత్తగా చేరిన ఇద్దరు తల్లులు వెంటనే ఆ ఆకు పేరు అడిగారు. అక్క ఆయన్ని ఒక్క మాట అనకుండా, జబ్బు బయటపడి ఎన్ని నెలలైందని అడిగింది. నాలుగు నెలలు. ఇన్సులిన్ మొదలుపెట్టాక, ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో మిగిలినవి కొన్నాళ్ళు తేరుకుని పనిచేస్తాయి, దాన్నే హనీమూన్ దశ అంటారు, అది దాటిపోతుంది, ఈలోగా ఇన్సులిన్ ఆపేస్తే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పెరిగి ప్రాణం మీదకొస్తుంది అని వివరించింది. ఆ తల్లులకి విడిగా ఫోన్ కూడా చేసింది.

నేను గమనించిన తేడా ఇదే: మంచివాళ్ళు జవాబు కంటే ముందు ప్రశ్న అడుగుతారు. డోసు అంకె ఎప్పుడూ రాయరు, అది మీ డాక్టర్ చెప్పాలంటారు. వాంతులు, ఆయాసం అని ఎవరైనా రాస్తే చర్చ పెట్టరు, "ఫోన్ పక్కన పెట్టి హాస్పిటల్‌కి బయల్దేరండి" అంటారు. అలాంటివాళ్ళ అనుభవాన్ని నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను. వైద్యం మాత్రం డాక్టర్ దగ్గరే.

తీరిక ఎలా దొరుకుతుందన్నారు. దొరకదండీ, నిద్రలోంచి తీస్తారు. ఒకసారి అక్క మూడు వారాలు కనిపించలేదు. రాత్రిపూట మెసేజ్‌లు జవాబు లేకుండా తెల్లారేవి, కషాయాల ఫార్వర్డ్‌లు మళ్ళీ మొదలయ్యాయి. ఫోన్ చేస్తే, "మావాడికి ఇంటర్ పరీక్షలు. అర్ధరాత్రి నేను లేస్తే వాడికీ మెలకువ వస్తోంది. నాకూ ఓపిక అయిపోయింది చెల్లీ" అంది. సిగ్గేసింది. అన్నేళ్ళలో ఆమెకి ఎలా ఉందని మాలో ఒక్కరం అడగలేదు.

అప్పటి నుంచి ఆరుగురం రాత్రుళ్ళు పంచుకున్నాం. పదకొండు నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఐదు దాకా ఇంకొకరు. అక్కకి ఇప్పుడు వారానికి ఒక్క రాత్రే.

మీ గ్రూపులో ఆ నలుగురికీ ఫోన్ చేసి, ఏదైనా ఒక పని నాకు అప్పగించండి అని అడగండి. నాకు అక్క మొదట ఇచ్చిన పని చిన్నదే, కొత్తవాళ్ళకి ఇన్సులిన్ దాచే పద్ధతి చెప్పడం. తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్ పెట్టెకి ఆనించకూడదు, ఒకసారి గడ్డకడితే కరిగినా అది పనికిరాదు. ఎండాకాలం ఎవరు కొత్తగా చేరినా ముందు ఇదే చెబుతాను.