గోల్ఫ్ గ్రీన్ మీద నీళ్లు నిలవడానికి మీరు పోసిన ఎర్రమట్టే కారణం

గడ్డికి బలమని భోగాపురం దగ్గర మీ పటింగ్ గ్రీన్‌లో (గోల్ఫ్ బంతిని గుంతలోకి నెట్టే పొట్టి గడ్డి నేల) ఇసుక మీద రెండంగుళాల ఎర్రమట్టి పరిచామన్నారు కదా, సమస్య అక్కడే ఉంది. పైన సన్నటి మట్టి, కింద ముతక ఇసుక ఉంటే, మట్టి పూర్తిగా నానేదాకా నీరు కిందికి దిగదు. వేళ్లకు గాలి అందక గడ్డి పసుపెక్కుతోంది. యూరియా పెంచకండి, దానివల్ల ఇది పోదు.

1. ముందు డ్రైనేజీ పైపు చివర చూడండి. వాన పడినా నీరు రాకపోతే పైపు పూడిందేమో తేల్చుకోండి.

2. బోలు పళ్ల ఏరేటర్‌తో (నేలలోంచి మట్టి ముక్కల్ని పెరికే యంత్రం) నాలుగంగుళాల లోతు రంధ్రాలు చేయండి. మట్టి పొర దాటి ఇసుకలోకి దిగాలి.

3. చాలామంది వదిలేసేది ఇదే. బయటికొచ్చిన మట్టి ముక్కల్ని ఆ రోజే ఊడ్చి ఎత్తేయాలి, లేదంటే మళ్లీ అదే మట్టి రంధ్రాల్లోకి పోతుంది. తర్వాత బాగా ఆరిన ఇసుకను బ్రష్‌తో అంచుదాకా నింపాలి. సగమే నింపితే పైన మట్టి మూసుకుపోయి పడ్డ కష్టమంతా వృథా. అడుగున వాడిన ఇసుకే కావాలి. నాగావళి ఇసుకైనా కడిగి జల్లెడ పట్టండి. ఎక్కువ భాగం 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. దగ్గరే కదా అని సముద్రపు ఇసుక తేవద్దు, ఉప్పుంటుంది.

4. బెర్ముడా గడ్డి జోరుగా పెరిగే రోజుల్లోనే చేయండి. చలికాలంలో గడ్డి రంధ్రాల్ని త్వరగా కప్పదు.

గ్రీన్ చిన్నదైతే, నేనైతే గడ్డి లేపి ఆ మట్టి మొత్తం తీయించేస్తాను.