పట్టా ఉంది, బండి దారి లేదు

సందేహం: మాది శ్రీకాళహస్తి. నేనూ మా ఆవిడా కలిసి చిన్న కలంకారీ దుకాణం నడుపుకుంటున్నాం. పోయిన దీపావళికి ముందు తిరుపతిలో ఒక హోటల్లో మీటింగ్ పెట్టి, బ్లాక్‌చెయిన్ డొమైన్ అని, వెబ్‌సైట్ అడ్రస్ లాంటి పేరు ఒకటి కొంటే రెన్యువల్ ఉండదు, జీవితాంతం మీదే, ఎవరూ లాక్కోలేరు అన్నారు. మా దుకాణం పేరుతో ఒకటి తీసుకున్నాను. ఏజెంటుకు ఫోన్‌పేలో 38,000 రూపాయలు కట్టాను. అతనే తన ల్యాప్‌టాప్‌లో వాలెట్ (ఆ పేరు దాచుకునే డిజిటల్ ఖాతా) తెరిచి, 12 ఇంగ్లిషు మాటలు ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఆ అడ్రస్‌తో 500 విజిటింగ్ కార్డులు కూడా కొట్టించాను. కస్టమర్లు టైప్ చేస్తే ఏమీ తెరుచుకోవడం లేదట. ఇప్పుడు ఎవరో మా పేరే, చివర వేరే తోక తగిలించి తీసుకుని, లక్షన్నర ఇస్తే మీకే ఇచ్చేస్తాం అని టెలిగ్రామ్‌లో మెసేజ్ పెట్టారు. నా డబ్బు వెనక్కి వస్తుందా? వాళ్ల మీద కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: కేసుల సంగతి తర్వాత. మీరు ఉత్తరంతో పాటు ఆ 12 మాటల కాగితం ఫోటో కూడా పంపారు. చూసిన వెంటనే దాన్ని నా ఫోన్లోంచి తీసేశాను. ఇంకెవరికీ పంపకండి, లాయరుకైనా సరే. ఆ వాలెట్‌కు తాళం ఆ మాటలే. అవి ఎవరి దగ్గరుంటే పేరు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఏజెంటు తన ల్యాప్‌టాప్‌లోనే వాలెట్ తెరిచాడంటే అతని దగ్గర ఇంకో కాపీ ఉండొచ్చు. కాబట్టి మీ ఫోన్లో మీరే కొత్త వాలెట్ తెరిచి పేరును అందులోకి మార్చుకోండి. కొద్దిగా నెట్‌వర్క్ ఫీజు పడుతుంది. మార్చే ముందు, ఆ పేరు అసలు ఏ వాలెట్‌లో ఉందో బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లు కలిసి రాసుకునే ఉమ్మడి పద్దు) రికార్డులో చూడండి. అది అందరికీ కనిపించే రికార్డే. ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరినైనా అడిగితే ఐదు నిమిషాల్లో చూసి పెడతారు. మీకు రాసిచ్చిన వాలెట్‌లో కాకుండా ఏజెంటు సొంత వాలెట్‌లోనే ఉంటే కథ మొత్తం మారిపోతుంది. ఎందుకో కింద చెబుతాను.

సైటు ఎందుకు తెరుచుకోవడం లేదంటారా? మీ కార్డు మీది అడ్రస్‌ను నా ఆఫీసు ఫోన్లో, క్రోమ్‌లో నేనే కొట్టి చూశాను. సైటు రాలేదు, గూగుల్ సెర్చ్ వచ్చింది. అందులో అన్నిటికంటే పైన కనిపించింది మీ ఊళ్లోనే ఉన్న ఇంకో కలంకారీ దుకాణం! మీ కార్డు పట్టుకున్న మద్రాసు కస్టమర్ ఎక్కడికి పోయి ఉంటాడో ఊహించుకోండి.

పొలం కేసుల భాషలో చెబితే, మీకు పట్టా ఉంది కానీ పొలానికి బండి దారి లేదు. డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి చివర్లన్నీ ఐకాన్ అనే సంస్థ సమన్వయం చేసే జాబితాలో ఉంటాయి. ఫోన్లూ బ్రౌజర్లూ ఆ జాబితా చూసుకునే దారి పడతాయి. మన ఎఫ్‌ఎంబీలో (పొలాల కొలతల పటాల పుస్తకం) గీసిన దారులే సర్వేయరు ఒప్పుకున్నట్టు. బ్లాక్‌చెయిన్ పేర్ల చివర్లు ఆ జాబితాలో లేవు. బ్రేవ్ లాంటి కొన్ని బ్రౌజర్లు వీటిలో కొన్నిటిని తెరుస్తాయి, క్రోమ్‌లో అయితే కంప్యూటర్లో విడిగా ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము) వేసుకోవాలి. చీర కొనడానికి వచ్చే మనిషి అదంతా చేస్తాడా? ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే చివరను రెండు వేర్వేరు బ్లాక్‌చెయిన్లలో ఇద్దరు అమ్ముకోవచ్చు. అన్‌స్టాపబుల్ డొమైన్స్ అనే కంపెనీ 2022లో డాట్ కాయిన్ పేర్లు ఆపేయాల్సి వచ్చింది, ఆ చివర అప్పటికే ఎమర్‌కాయిన్ అనే ఇంకో చెయిన్‌లో ఉందని తేలి.

డబ్బు విషయం. ఇలాంటి పేరు కొనడం నేరం కాదు, ఆ టెన్షన్ వద్దు. ఏజెంటు ఏం చెప్పి అమ్మాడన్నదే ఇక్కడ ముఖ్యం. మీ పేరు చివర ఏముందో చూడండి. డాట్ ఈటీహెచ్ అయితే అది జీవితాంతం కాదు, అద్దె. ఐదు అక్షరాలు, అంతకు మించిన పేరుకు ఏడాదికి 5 డాలర్లు. గడువు తీరాక 90 రోజుల గ్రేస్, ఆ తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. అప్పుడు 38,000 ఎందుకు తీసుకున్నావని అడగడానికి మీకు గట్టి పాయింటు దొరుకుతుంది. ఒక్కసారి కట్టేసే రకమైతే రెన్యువల్ మాట నిజమే, కానీ మామూలు ఫోన్లో తెరుచుకోదన్న సంగతి దాచి అమ్మడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతేనని వాదించవచ్చు.

అవతలి లాయరు మొదట లేవనెత్తేది ఒకటే: ‘ఇతను వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడే కాదు.’ చట్టంలో ఆ మినహాయింపు ఉంది. అయితే సొంత కష్టంతో పొట్టపోసుకోవడానికి కొన్నదైతే అది వర్తించదు. మీ ఉత్తరంలో ‘నేనూ మా ఆవిడా కలిసి’ అన్న మాట ఉంది చూశారా, ఫిర్యాదులో అది తప్పకుండా రావాలి. తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. డబ్బు కట్టిన తేదీ నుంచి రెండేళ్ల గడువు లెక్కేసుకోండి. ఫోన్‌పే రసీదు, మీటింగ్ కరపత్రం, వాట్సాప్ చాట్ దాచండి. చాట్ ప్రింటవుట్లకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డులకు జత చేసే ధ్రువపత్రం) జత చేయాల్సి ఉంటుంది.

పోలీసు కేసు? పేరు మీ వాలెట్‌లోనే ఉంటే స్టేషన్లో ‘ఇది సివిల్, కోర్టుకు పోండి’ అంటారు. వాళ్ల మాట పూర్తిగా తప్పు కూడా కాదు, మోసం సెక్షన్‌కు మొదటి నుంచే దురుద్దేశం చూపించాలి. డబ్బు తీసుకుని పేరు తన దగ్గరే పెట్టుకున్నాడని తేలితే మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద ధైర్యంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇక లక్షన్నర అడిగే మనిషి. పైసా ఇవ్వకండి. ఇచ్చారంటే రేపు ఇంకో తోకతో ఇంకొకడు వస్తాడు. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. కాబట్టి మీకు హక్కు లేకపోలేదు. ఆ హక్కు అమలు కావడమే కష్టం. డాట్ ఇన్ అయితే దాని వివాదాలకు ఆర్బిట్రేషన్ పద్ధతి ఉంది, తీర్పు వస్తే రిజిస్ట్రీ పేరు మార్చి ఇస్తుంది. బ్లాక్‌చెయిన్‌లో ఆ ఉత్తర్వు పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కుతాం? అవతలివాడి ఊరూ పేరూ తెలియదు, తాళం వాడి దగ్గరే ఉంది. పేరును ఏదైనా ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్మకానికి పెట్టి ఉంటే ఆ మార్కెట్‌కు ఫిర్యాదు చేసి లిస్టింగ్ తీయించడం వరకు చేయగలం.

మీ పేరులో ‘కలంకారీ’ అన్న మాట మీ ఒక్కరిదీ కాదని కూడా గుర్తుంచుకోండి. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, అది ఆ పని చేసే అందరిదీ. దాని ముందున్న మీ సొంత పేరుకే ట్రేడ్‌మార్క్ అడగాలి. చీరలకు 25, బట్టకూ దుప్పట్లకూ 24వ క్లాసు (సరుకుల వర్గం). వ్యక్తిగా ఆన్‌లైన్లో వేస్తే క్లాసుకు 4,500 రూపాయలు. రిజిస్టరైతే ఇంకో లాభం కూడా ఉంది, మీరు వ్యాపారం చేసే చోటే దావా వేయొచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా పాసింగ్ ఆఫ్ (మీ పేరును తనదిగా చెలామణీ చేస్తున్నాడనే) దావా వేస్తే ఆ వెసులుబాటు ఉండదు.

ఈ వారంలోనే మీ పేరుతో డాట్ ఇన్ తీసుకోండి, ఏడాదికి కొన్ని వందలే. మిగిలిన కార్డులు పారేయకండి. రెండు కార్డులు ఫిర్యాదుకు జత చేద్దాం, మిగతావాటి మీద కొత్త అడ్రస్ స్టిక్కరు వేసి వాడుకోండి. ఏజెంటుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. ఆ చిత్తు నేను రాసిపెడతాను, రికార్డులో పేరు ఏ వాలెట్‌లో ఉందో చూసుకుని రండి.