పిల్లలతో కొండదొనల దాకా నడక: నా అనుభవం

అయిదేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లలను వెంటబెట్టుకొని, వానల తరువాత కొన్నాళ్ళు మాత్రమే నీరు నిలిచే రాతి దొనలు చూడటానికి ఎండుకొండ ఎక్కవచ్చా, అంత దూరం వారు నడవగలరా అని మీరు అడిగారు. తప్పక ఎక్కవచ్చు. మా పిల్లలకు సరిగ్గా ఆ వయసే ఉన్నప్పుడు ఉదయగిరి కొండకు తీసుకువెళ్ళాను కనుక ధైర్యంగా చెబుతున్నాను. నడక గురించి మీరు పడుతున్న బెంగ అనవసరం. ఏ నెలలో వెళ్తారు, వెళ్ళిన చోట ఎంతసేపు కూర్చుంటారు అనేవే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

మన నెల్లూరు వైపు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలదే పైచేయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా కురిసే వానలే మన చెరువులనూ, కొండల మీది దొనలనూ నింపుతాయి. వేసవి సెలవులు వచ్చాయి కదా అని మే నెలలో కొండెక్కితే కాలే బండలు తప్ప మరేమీ కనిపించవు. వాయుగుండం దాటిపోయిన వారం పది రోజులకు, ఆకాశం తేటపడ్డాక వెళ్ళాలి. వాన పడుతుండగా మాత్రం పిల్లలను ఏ కోనలోకీ తీసుకువెళ్ళకూడదు. పైన ఎక్కడో కురిసిన నీరు చూస్తుండగానే వాగై మీద పడుతుంది.

మేము కార్తీకం వెళ్ళాక ఒక ఆదివారం చీకటితోనే బయలుదేరి, ఆత్మకూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి, ఎండ ఎక్కక ముందే కొండ కిందికి చేరుకున్నాము. ఆ కొండ ఎత్తు 3,079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు నెలల తరబడి ముట్టడించి, 1514లో గజపతుల నుంచి ఆ దుర్గాన్ని సాధించాడని మా బావ దారి పొడవునా చెబుతూ, పిల్లలను ఎలాగైనా పై కోట దాకా నడిపించాలని పట్టుబట్టారు. గంటసేపు ఎక్కేసరికి మా చిన్నవాడు ఇక నడవనని చతికిలబడ్డాడు. అదృష్టవశాత్తు దారి పక్కనే, ఒక పెద్ద బండ మీద, నులకమంచమంత దొన ఒకటి కనిపించింది. నీరు జానెడు లోతు కూడా లేదు.

మొదట అందులో మాకేమీ కనబడలేదు. మా పాప బండ మీద బోర్లా పడుకొని కాసేపు కదలకుండా చూసి, "నాయనా, ఇవి వెల్లకిలా ఈదుతున్నాయి!" అని కేక వేసింది. నేనూ వంగి చూశాను. గోరంత పొడవున్న, గాజులాంటి ఒళ్ళున్న ప్రాణులు పదుల సంఖ్యలో, కాళ్ళు ఆకాశం వైపు పెట్టి, ఆ కాళ్ళను ఒకదాని వెంట ఒకటి అలలాగా ఆడిస్తూ ఈదుతున్నాయి. కొన్నింటికి గుడ్ల సంచి కూడా స్పష్టంగా తెలుస్తోంది. వీటిని ఫెయిరీ ష్రింప్ అంటారు. నేను సముద్రపుటొడ్డున రొయ్యల హేచరీలో పని చేస్తాను. రొయ్యపిల్లలకు మేము మేతగా వేసే ఆర్టీమియా ఈ జాతికి దగ్గరి చుట్టమే. అమెరికాలోని యూటా ఎడారి ప్రాంతపు ఉప్పు సరస్సు నుంచి దాని గుడ్లు డబ్బాలలో, ఎండిన గోధుమరంగు పొడిలాగా వస్తాయి. ఉప్పునీటిలో వేసి గాలి పెడితే ఒక రోజులో పిల్లలవుతాయి. ఏళ్ళ తరబడి చేతితో చల్లిన మేతకు బంధువు మన కొండ మీద, మంచినీటి దొనలో ఉండటం చూసి నాకు ఒళ్ళు పులకరించింది.

"ఎండాకాలం వస్తే ఇవి చచ్చిపోతాయా?" అని పాప అడిగింది. ఇవి చచ్చిపోతాయని, వీటి గుడ్లు మాత్రం అడుగు మట్టిలో ఎండి పడి ఉండి మళ్ళీ వాన పడగానే పొదుగుతాయని చెప్పాను. దొన ఎండిపోవడమే వీటికి రక్ష. ఏడాది పొడవునా నీరుంటే చేపలు చేరి వీటిని మిగలనివ్వవు. అంతలో మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక తాత, "నీళ్ళలో కాళ్ళు పెట్టబాకండి బిడ్డా, మా మేకలు తాగాల" అన్నాడు. నడవనన్న మా చిన్నవాడు గంటన్నరసేపు ఆ బండ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. కోటకు మా బావ ఒక్కరే వెళ్ళివచ్చారు.

దిగేటప్పుడు చూసిన దృశ్యం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. కింద ఉన్న మరో దొనలో, భోజనాలకు వచ్చిన ఒక కుటుంబం గిన్నెలు తోమి, పిల్లలకు షాంపూతో తలలు కడుగుతున్నారు. నీరు తెల్లగా ఉంది. మా పాప ఎంత వెతికినా అందులో ఈదేది ఒక్కటీ కనిపించలేదు. అది సబ్బు చేసిన పనేనని నేను గట్టిగా చెబుతాను. మా హేచరీ ట్యాంకులు కడిగాక మందు వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళతో కడుగుతూనే ఉంటాము. వాగులో పడినది కొట్టుకుపోతుంది, దొనలో పడినది ఎక్కడికీ పోదు, నీరు ఇంకేకొద్దీ చిక్కబడుతుంది. వారికి నచ్చజెప్పబోయాను గానీ వారు వినలేదు.

కనుక తాగునీరు ఇంటి నుంచే మోసుకువెళ్ళండి, దొన నీటిని పిల్లలతో తాగించవద్దు. నూనె రాసిన చేతులు అందులో ముంచనివ్వకండి. ఒక స్టీలు గ్లాసుతో కాసిన్ని నీళ్ళు ముంచి చూపించి, మళ్ళీ అందులోనే పోయండి, సీసాలో పట్టుకొని ఇంటికి తేవద్దు. పాచి పట్టిన అంచు మీద చిన్నవాడి చెయ్యి వదలకండి, రాళ్ళు ఎత్తనివ్వకండి, కింద తేళ్ళుంటాయి. పది గంటలకల్లా దిగడం మొదలుపెట్టండి, ఆ తరువాత డిసెంబరులోనైనా బండ కాలుతుంది.